రాజు కూడా తెరిచి చూడకూడని పుస్తకం

మీ ప్రశ్న – చరిత్ర జవాబు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొండవీడు గురించి లేదు, ధరణికోట గురించి లేదు. అన్నీ కొరియా రాజుల గురించే. మా ఇంట్లోనూ అదే వరస. విజయవాడలో చదువుకుంటున్న మా మనవరాలు సెలవు దొరికితే చాలు, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చేస్తుంది. రాగానే టీవీలో కొరియా రాజుల సీరియల్ పెడుతుంది. నేను పక్కన నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంటాను. ఎడమ పేజీలో సీరియల్ ఏం చూపించిందో, కుడి పేజీలో అప్పటి రికార్డు ఏం చెబుతోందో రాసుకుంటాను. కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్లూ పిల్లల చేత ఇలాగే రాయించేదాన్ని. ఆ నోట్‌బుక్ ముందేసుకునే ఈ జవాబులు రాస్తున్నాను.

మీరు చూస్తున్న సీరియళ్లలో ఎక్కువ భాగం జోసన్ కాలానివి. 1392 నుంచి 1910 వరకూ కొరియాను ఏలింది ఆ ఒక్క వంశమే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే కిందివన్నీ సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: అమ్మా, తండ్రి రాజై ఉండి కన్నకొడుకును బియ్యం పెట్టెలో పెట్టి మూయించే ఎపిసోడ్ చూశాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఏ తండ్రైనా అలా చేస్తాడా? ఇది జరిగిందా, సీరియల్ వాళ్లు కల్పించారా?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: జరిగిందమ్మా. ఆ తండ్రి యోంగ్జో రాజు, కొడుకు యువరాజు సాడో. 1762లో అధిక అయిదో నెల 13వ తేదీన అతన్ని పెట్టెలో మూశారు. 21వ తేదీన చనిపోయాడు. వయసు 27. వాళ్లదీ మనలాగే చాంద్రమానం, వాళ్లకూ అధిక మాసాలున్నాయి. ఇంగ్లిషు లెక్కలో అది జులై, అక్కడ నడివేసవి.

అయితే ఆస్థానం వారి అధికారిక చరిత్రలో ఆ రోజు రాతలో పెట్టె మాటే లేదు. యువరాజు హోదా తీసేసి, సామాన్యుడిగా ప్రకటించి, లోపల కట్టుదిట్టంగా ఉంచారని మాత్రమే ఉంది. పెట్టె సంగతి మనకు దగ్గరగా చెప్పింది అతని భార్య, యువరాణి హ్యేగ్యాంగ్. తొమ్మిదేళ్ల పిల్లగా అంతఃపురంలోకి కోడలై వచ్చి, అరవయ్యో పడిలో పడ్డాక, 1795 నుంచి 1805 మధ్య నాలుగు విడతలుగా తన జ్ఞాపకాలు రాసింది. భర్తకు బట్టలు వేసుకోవాలంటే భయం పట్టుకునేదని, ఒక్క జత ఒంటి మీదికి రావడానికి ఎన్నో జతలు సిద్ధం చేయాల్సి వచ్చేదని, ఆ ఆవేశంలో పనివాళ్ల ప్రాణాలు కూడా పోయాయని దాచకుండా రాసింది. తండ్రి పదిమందిలో ఎలా చిన్నబుచ్చేవాడో కూడా రాసింది. సీరియళ్లన్నీ ఆవిడ రాతలోంచే పుట్టాయి.

ఆ జ్ఞాపకాలు చదివేటప్పుడు ఇంకో విషయం మనసులో ఉంచుకోండి. ఆవిడ తండ్రి హాంగ్ బోంగ్‌హాన్ అప్పటి పెద్ద మంత్రుల్లో ఒకడు. అల్లుడి చావులో ఆయన చెయ్యి ఉందని శత్రువులు గోల పెట్టారు. 1801లో ఆవిడ తమ్ముణ్ని చంపేశారు. అంటే ఆవిడ రాసింది మొగుడి కథ ఒక్కటే కాదు, పుట్టింటి పరువు కోసం పెట్టుకున్న మొర కూడా. భర్త జబ్బు గురించి ఆవిడ చెప్పింది నేను నమ్ముతాను. తండ్రి తప్పేమీ లేదని చెప్పే చోట మాత్రం ఆగి ఆగి చదువుతాను. అంత మాత్రాన ఆవిడ మీద నాకున్న గౌరవం తగ్గదు. మామగారి కోపాన్నీ మొగుడి చావునూ చూసి, కొడుకునూ పోగొట్టుకుని, ఆ వయసులో కలం పట్టిన మనిషి ఆవిడ.

తాతగారి కాళ్ల మీద పడి "మా నాన్నను వదిలెయ్యండి" అని ఏడ్చే పిల్లవాడు కూడా కల్పన కాదు. అప్పటికి వాడికి ఇంకా పదేళ్లు నిండలేదు. వాడే తర్వాత జొంగ్జో రాజు. 1776లో సింహాసనం ఎక్కిన రోజునే నిండు సభలో "నేను సాడో యువరాజు కొడుకుని" అన్నాడు. ఆ ఏడాదే, ఇంకా తాతగారు బతికుండగానే, రాజుగారి కార్యాలయం దినచర్యలో తండ్రి చావుకు సంబంధించిన రాతలు కడిగించెయ్యమని వేడుకుని కడిగించాడు. ఇప్పటికీ ఆ దినచర్యలో ఆ భాగం లేదు. ఆ తర్వాత తండ్రి సమాధిని సువోన్‌కు మార్చి, అక్కడ 1794–96 మధ్య హ్వాసోంగ్ కోట కట్టించాడు. 1795లో తల్లిని ఊరేగింపుగా అక్కడికి తీసుకెళ్లి అరవయ్యో పుట్టినరోజు చేశాడు. ఆ కోట కట్టడానికి పనిచేసిన తాపీమేస్త్రీల, వడ్రంగుల పేర్లు, పనిచేసిన రోజులు, ఇచ్చిన కూలి అన్నీ రాసి 1801లో అచ్చు వేశారు. ఆ కోట బొమ్మలు ఎప్పుడైనా టీవీలో కనిపిస్తే కట్టించిన కొడుకును తలుచుకోండి.

ప్రశ్న: మేడమ్, ఏ సీరియల్లో చూసినా రాజు పక్కన ఇద్దరు కూర్చుని తల ఎత్తకుండా రాస్తుంటారు. రాజు కోప్పడ్డా రాస్తారు, ఏడ్చినా రాస్తారు. ఎవరు వాళ్లు? నిజంగానే రాసేవారా?
– డిగ్రీ విద్యార్థిని, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అమ్మాయీ, ఈ ప్రశ్న ఎవరు అడుగుతారా అని ఎదురుచూస్తున్నాను. ఇన్ని సీరియళ్లు చూశాక నాకు రాజులకన్నా దగ్గరైంది వాళ్లే.

వాళ్లను సగ్వాన్ అంటారు. పరీక్షలు గట్టెక్కి కొలువులోకి వచ్చిన కుర్రవాళ్లు. ఎప్పుడూ రాసే పనిలో ఉండేది ఎనిమిది మంది, వంతులవారీగా. వాళ్లు లేకుండా రాజు మంత్రితో మాట్లాడకూడదు. హోదా చిన్నది, పని పెద్దది. రాజు బతికుండగా వాళ్ల రాతలు ఎవరికీ చూపరు. రాజు పోయాక ఒక కార్యాలయం పెట్టి ఆ రాతలన్నీ తెప్పించి, మిగతా రికార్డులతో కలిపి ఒక చరిత్ర తయారుచేస్తారు. దాన్నే సిల్లోక్ అంటారు. పని పూర్తయ్యాక చిత్తు కాగితాలను రాజధాని బయట సెగమ్‌జోంగ్ దగ్గర వాగు నీళ్లలో సిరా పోయేదాకా కడిగి, ఆ కాగితం మళ్లీ వాడుకునేవారు. ఎవరు ఏ మాట రాశారో తర్వాత ఎవరూ పట్టుకోకూడదని.

1404లో టేజోంగ్ రాజు వేటకు వెళ్లాడు. స్వయంగా గుర్రం మీద లేడి వెంట పడి, గుర్రం తూలి కింద పడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేచి అటూ ఇటూ చూసి, "చరిత్ర రాసేవాడికి తెలియనివ్వకండి" అన్నాడు. ఇది మనకెలా తెలిసింది? ఆ మాటతో సహా రాసిపెట్టాడు కాబట్టి! రాజు పడ్డాడని రాస్తే సరిపోయేది. దాచమన్నాడని కూడా రాశాడు. ఈ నాలుగు వాక్యాలు క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి వినేవారు.

ఆ రాజు కాలంలోనే 1401లో మిన్ ఇన్‌సెంగ్ అనే సగ్వాన్, రావద్దన్నా వినకుండా వేటకు వెంటపడ్డాడు, తెర వెనక నిలబడి మాటలు విన్నాడు. చివరికి దేశబహిష్కారం లాంటి శిక్ష వేసి దూరప్రాంతానికి పంపేశారు. కొరియా లిపిని తయారుచేయించిన సెజోంగ్ మహారాజు అంతటివాడికి కూడా తండ్రి గురించి ఏం రాశారో చూడాలనిపించింది. 1431లో అడిగాడు. "మీరు చూస్తే మీ తర్వాత వచ్చేవాళ్లూ చూస్తారు, అప్పుడు రాసేవాడికి చెయ్యి ఆడదు" అన్నట్టుగా మంత్రులు అడ్డం చెప్పారు. ఆయన ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంలోనే ఆయన గొప్పతనం నాకు కనిపిస్తుంది.

ఊరుకోనివాడు యొన్సన్‌గున్ అనే రాజు. 1498లో చిత్తు రాతల్లోంచి కొన్ని భాగాలు తెప్పించుకున్నాడు. తన ముత్తాత సెజో, అన్నకొడుకు సింహాసనం లాక్కున్న సంగతిని ఎత్తిచూపే రాత అందులో ఉంది. దాన్ని చేర్చిన కిమ్ ఇల్‌సోన్‌ను చంపించాడు. మూలంగా ఉన్న వ్యాసం రాసిన గురువు కిమ్ జోంగ్‌జిక్ అప్పటికే చనిపోయినా వదల్లేదు, శవాన్ని బయటికి తీయించి తల నరికించాడు. 1506లో యొన్సన్‌గున్‌ను దించేశారు. అతని చరిత్రకు సిల్లోక్ అన్న గౌరవం కూడా ఇవ్వలేదు, వట్టి దినచర్య అన్నారు. సీరియళ్లలో క్రూరుడైన కుర్ర రాజు, చంపబడ్డ తల్లి కోసం పగ తీర్చుకునేవాడు కనిపిస్తే, పేరు మార్చినా సరే, నూటికి తొంభై పాళ్లు ఇతని నీడే.

ఇదంతా మన దాకా రావడం కూడా తేలిగ్గా జరగలేదు. నాలుగు చోట్ల నాలుగు ప్రతులు దాచారు. 1592లో జపాన్ దండయాత్రలో మూడు తగలబడిపోయాయి. జొంజు ఊళ్లో ఉన్న నాలుగో ప్రతిని ఆన్ ఉయి, సోన్ హోంగ్‌రోక్ అనే వయసు మళ్లిన ఇద్దరు పండితులు నేజాంగ్ కొండల్లోకి మోయించి, ఏడాదికి పైగా వంతులు వేసుకుని కాపలా కాశారు. ఈరోజు మనకు 1392 నుంచి 1863 దాకా 472 ఏళ్లకు, 25 మంది రాజులకు, 1,893 భాగాల చరిత్ర ఉంది. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆ మొదటి 200 ఏళ్ల కథలు సీరియళ్లుగా చూడగలుగుతున్నామంటే ఆ ఇద్దరు ముసలివాళ్ల పుణ్యమే.

ప్రశ్న: టీచర్‌గారూ, సీరియల్ చూస్తూ అది ఏ సంవత్సరమో, ఏ రాజో తెలుసుకోవడం ఎలా? మాలాంటి వాళ్లం ఆ సిల్లోక్ చదవగలమా?
– ఇంటర్ విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చదవగలవు నాన్నా. మూలం పాత చైనా భాషలో ఉంది, దానికి కొరియన్ అనువాదం అక్కడి జాతీయ చరిత్ర సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఫోన్‌లో అనువాదం నొక్కితే విషయం అందేంత వరకూ అర్థమవుతుంది. రాజు పేరు పట్టుకో, ఏలుబడిలో ఎన్నో ఏడు, ఎన్నో నెల, ఎన్నో రోజు అని దిగుతూ వెళ్లు. తేదీలు చాంద్రమానంలో ఉంటాయి, ఇంగ్లిషు నెల అనుకుని పొరబడకు.

నీకు ఇంకో కిటుకు చెబుతాను. వాళ్లకూ అరవై ఏళ్ల చక్రం ఉంది, ఒక్కో ఏడాదికీ ఒక్కో పేరు. మన ప్రభవ, విభవల్లాగే. రెండు చక్రాలూ అరవయ్యే కాబట్టి జతలు ఎప్పటికీ మారవు. జపాన్ దండయాత్ర జరిగిన ఏడాది వాళ్లకు ఇమ్‌జిన్, మనకు నందన. సాడో చనిపోయింది వాళ్లకు ఇమో, మనకు చిత్రభాను. వాళ్ల కొత్త సంవత్సరం మన ఉగాది కన్నా ముందొస్తుంది, ఆ కొద్ది వారాల తేడా చూసుకుంటే చాలు. ఇంట్లో పెద్దవాళ్లు సంవత్సరాల పేర్లు వరసగా చెప్పగలిగితే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని సీరియల్ చూడు.

ప్రశ్న: నేను చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. వంటింటి నుంచి వైద్యురాలిగా ఎదిగి రాజుకే వైద్యం చేసిన 'దే జాంగ్‌గుమ్' కథ నాకు ప్రాణం. ఆవిడ నిజంగా ఉందా అండీ?
– రిటైర్డ్ నర్సు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఉందండీ. 54 ఎపిసోడ్ల ఆ సీరియల్‌కు రికార్డులో ఆధారం మాత్రం కొన్ని చిన్న ప్రస్తావనలే. వంటింటి భాగమంతా రచయితల ఊహ. వైద్యం భాగానికి ఆధారం ఉంది. జోసన్‌లో ఆడవాళ్లను మగ వైద్యులు ముట్టుకోకూడదు కాబట్టి 1406లోనే కొందరు ఆడపిల్లలకు వైద్యం నేర్పించడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకామె జాంగ్‌గుమ్.

ఆమె పేరు 1515లో, జుంగ్‌జోంగ్ రాజు కాలంలో కనిపిస్తుంది. ఆ మార్చిలో రాణి మగబిడ్డను కని కొద్ది రోజులకే చనిపోయింది. వైద్యులను శిక్షించాలని అధికారులు పట్టుబట్టారు, జాంగ్‌గుమ్‌తో సహా. రాజు ఏమన్నాడో చూడండి: కాన్పు చేసినందుకు ఆమెకు పెద్ద బహుమానం దక్కాల్సింది, ఇంత ఘోరం జరిగింది కాబట్టి ఇవ్వలేకపోయాను, ఇవ్వలేకపోయినంత మాత్రాన కొట్టించలేను. దెబ్బల బదులు జరిమానాతో సరిపెట్టాడు. కాన్పు గదిలో పనిచేసినవారు మీరు, ఆ గదిలో ఆమె పరిస్థితి ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. 1524లో ఆమె వైద్యం మిగతావాళ్లకన్నా మేలని రాసి ఉంది. 1544లో రాజు జబ్బుపడ్డప్పుడు మంత్రులు ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, నా జబ్బు సంగతి వైద్యురాలికి తెలుసు అన్నాడు. ఆ ఏడాదే పోయాడు. ఆ తర్వాత ఆమె ఏమైందో ఒక్క ముక్క లేదు.

ఆ 1515 జూన్‌లోనే మన కృష్ణదేవరాయలు కొండవీడు కోట పట్టుకున్నాడు. ఆ సంగతి మంగళగిరి శాసనంలో ఉంది. అక్కడ ఒక వైద్యురాలు దెబ్బలు తప్పించుకున్న ఏడాదే ఇక్కడ మన జిల్లా చేతులు మారింది. ఈసారి మంగళగిరి వెళ్లినప్పుడు ఆ రెండూ కలిపి తలుచుకోండి, ఆ సీరియల్ ఇంకా దగ్గరవుతుంది.

ప్రశ్న: యార్డులో మిరపకాయల వ్యాపారం మాది. పిల్లలు చూస్తుంటే నేనూ చూస్తాను. రాజుల కాలం సీరియల్లో ఎర్రగా కారం పట్టించిన కిమ్చీ పెడుతున్నారు. మిరపకాయ మనకే పోర్చుగీసు వాళ్లు తెచ్చారంటారు కదా, వాళ్లకు అప్పటికే ఎక్కడిది?
– ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: బాగా పట్టుకున్నారండీ. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. మనకు పోర్చుగీసు ఓడల్లో వచ్చింది 1498 తర్వాతే. కొరియాలో దాని మాట రాతలో దొరికేది 1614లో, యి సుగ్వాంగ్ అనే పండితుడి పుస్తకంలో. అది జపాన్ నుంచి వచ్చిందని, జపాన్ ఆవాలు అంటున్నారని, విషమని, సారా దుకాణాల వాళ్లు పెరట్లో వేసి సారాతో కలిపి అమ్ముతున్నారని, తాగి చచ్చిపోయినవాళ్లు కూడా ఉన్నారని రాశాడు! మిరపతో చేసే కిమ్చీ వంటల పుస్తకంలోకి ఎక్కింది 1766లో. కాబట్టి సెజోంగ్ రాజు, జాంగ్‌గుమ్, యొన్సన్‌గున్ ఎవరి భోజనంలోనూ ఎర్ర కిమ్చీ ఉండకూడదు. అప్పుడది ఉప్పునీళ్లలో ఊరిన తెల్ల కూర, ఘాటు కావాలంటే అల్లం, వెల్లుల్లి, ఆవాలు. సాడో కాలానికి వచ్చేసరికి ఎర్రగా ఉన్నా ఒప్పుకోవచ్చు. మనకూ అంతే, కృష్ణదేవరాయల సినిమాలో విస్తట్లో ఎర్ర గొడ్డుకారం పెడితే నేను ఒప్పుకోను, అది మిరియాల కాలం.

ప్రశ్న: రాజు ప్రేమిస్తే దాసీపిల్ల వద్దంటుంది, రాజు ఏళ్ల తరబడి ఆగుతాడు. ఇలాంటివి కూడా నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒకటి మాత్రం నిజం. పైన చెప్పిన జొంగ్జో, సోంగ్ అనే అంతఃపుర దాసి. రాణికి ఇంకా పిల్లలు లేరు, నేనెలా ఒప్పుకుంటానని ఏడ్చి కాదంది. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ కాదంది, రాజు ఆమె పనివాళ్లను శిక్షించాక ఒప్పుకుంది. సీరియల్ ఆ చివరి ముక్కను మెత్తగా దాటేస్తుంది, మీరు దాటెయ్యకండి. 1786లో మొదట కొడుకు పోయాడు, కొద్ది నెలలకు కడుపుతో ఉన్న ఆమె పోయింది. ఇదంతా ఆమె సమాధి రాత కోసం రాజు తన చేత్తో రాసిందే.

ప్రశ్న: మా అమ్మాయికి టేజోంగ్ తెలుసు, సెజోంగ్ తెలుసు, మన కొండవీటి రాజు అనవేమారెడ్డి ఎవరో తెలియదు. పైగా ఈ సీరియళ్లలో కాలంలో వెనక్కి పోవడాలు, దయ్యాలు! చరిత్ర తెలిసిన మీరే వీటిని మెచ్చుకుంటే ఎలాగండీ?
– ఒక తండ్రి, చిలకలూరిపేట

జవాబు: మీ బాధ నాకు తెలుసు. అయినా మీ అమ్మాయిని ఆపకండి. ఆమె చేతికి ఈ తేదీలు ఇవ్వండి. జోసన్ వంశం మొదలైన 1392లో కొండవీడులో కుమారగిరిరెడ్డి ఏలుతున్నాడు, కర్పూర వసంతరాయడని పేరు తెచ్చుకున్నవాడు. టేజోంగ్ గుర్రం మీంచి పడ్డ 1404లో కొండవీటి గద్దె మీద పెదకోమటి వేమారెడ్డి ఉన్నాడు, శ్రీనాథుడు ఆయన కొలువులో విద్యాధికారి. ఆ శ్రీనాథుడు రాసిన శాసనం ఒకటి ఫిరంగిపురంలో ఉంది, రాణి సూరాంబ తవ్వించిన చెరువు గురించి. మీ ఊరి నుంచి ఎంత దూరం? అనవేమారెడ్డి అంతకు ముందే శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. సెజోంగ్ తెలిసిన పిల్ల ఇవి వింటే "మరి మన రాజుల మాటలు రోజువారీ ఎవరు రాశారు?" అని అడిగి తీరుతుంది. మా మనవరాలు అడిగింది.

నాకు ఇక్కడే గుండె పట్టేస్తుంది. మనకు సగ్వాన్‌లు లేరు. రాయి మీద చెక్కింది దానం ఇచ్చినవాడు తన గురించి చెప్పించుకున్న మాట. ఊరి కరణాలు దండకవిలెలు, అంటే ఊరి సంగతుల పుస్తకాలు రాశారు, ఎన్నో చెదలకు పోయాయి. రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర మనుషుల్ని ఊరూరా పంపి రాయించిన ఊళ్ల చరిత్రలు, ఆ కైఫీయత్తులు లేకపోతే మన జిల్లా ఊళ్ల సంగతులు సగం పోయేవి. పరాయి దేశపు రికార్డు చూసి మన పిల్లలకు ఆ లోటు తెలిసిందంటే, వాళ్లు కైఫీయత్తు తెరుస్తారు. తెరిచిన పిల్లల్ని నేను చూశాను.

ఇక కల్పన గురించి. రాజు పేరు మార్చి, ఊహలో రాజ్యం పెట్టి, దయ్యాల్ని తెచ్చినా నాకు అభ్యంతరం లేదు. అది కథ అని మొదటే ఒప్పుకుంటోంది. అసలు పేరు పెట్టుకుని, రికార్డులో ఉన్నదానికి అడ్డంగా మనిషి మీద మచ్చ వేస్తే మాత్రం తప్పు. కొరియా వాళ్లు ఈ విషయంలో మనకన్నా గట్టివాళ్లు. 2021 మార్చిలో టేజోంగ్‌ను, అతని కొడుకును అసలు పేర్లతో పెట్టి తీసిన ఒక సీరియల్, చరిత్రను వక్రీకరించారని జనం తిరగబడితే రెండు ఎపిసోడ్లకే ఆగిపోయింది.

ప్రశ్న: కొరియా మొదటి రాణి మన దేశం పిల్లని, అందులోనూ మన అమరావతి వైపు నుంచే ఓడ ఎక్కిందని ఒక వీడియోలో చూశాం. హాస్టల్లో రెండు రోజులుగా ఇదే గొడవ. తేల్చండి మేడమ్.
– ఇంజినీరింగ్ విద్యార్థి, మంగళగిరి

జవాబు: ఆ కథ 13వ శతాబ్దంలో ఇల్‌యోన్ అనే బౌద్ధ భిక్షువు సంకలనం చేసిన పుస్తకంలో ఉంది. క్రీ.శ. 48లో ఆయుత అనే దేశం నుంచి పదహారేళ్ల రాకుమారి ఓడలో వచ్చి, కొరియా దక్షిణాన ఉన్న గాయా రాజ్యపు రాజు సురోను పెళ్లాడిందని. ఆమె పేరు హో హ్వాంగ్‌ఓక్. గిమ్‌హే ఊళ్లో ఆమెదని చెప్పే సమాధి ఉంది, ఆమె వంశం వాళ్లమని చెప్పుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు, 2001లో అయోధ్యలో స్మారకం కూడా కట్టారు. వాళ్ల నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ జరిగిందన్న కాలానికీ రాసిన కాలానికీ మధ్య 1,200 ఏళ్లు ఉన్నాయి. పైగా ఆ మొదటి శతాబ్దంలో అయోధ్యను సాకేతమనే పిలిచేవారు. ఇక అమరావతి అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. వీడియో వాళ్లు కలిపింది అది.

మన వైపుకు కొరియా మనిషి వచ్చిన దాఖలా కావాలంటే ఇంకొకటి ఉంది, ఇంతకన్నా గట్టిది. హ్యేచో అనే సిల్లా రాజ్యపు కుర్ర భిక్షువు 720ల్లో మన దేశమంతా తిరిగి, 727లో మధ్య ఆసియా దాకా తిరిగి వెళ్లాడు. తను చూసిందీ విన్నదీ రాశాడు. ఆ రాతప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో పెలియో అనే ఫ్రెంచి పండితుడికి దొరికింది. మొదలూ చివరా చిరిగిపోయి దాదాపు 6 వేల అక్షరాలు మిగిలాయి. ఇప్పుడు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది.

అందులో దక్షిణ దేశం గురించి ఏం రాశాడో చెబుతాను. అక్కడ కొండల్లో ఒక పెద్ద విహారం ఉంది, నాగార్జున బోధిసత్వుడు యక్షుల చేత కట్టించాడు, మనుషులు కట్టింది కాదు, కొండను తొలిచి స్తంభాలు చేశారు, మూడు అంతస్తులు, నాగార్జునుడు ఉన్న రోజుల్లో మూడు వేల మంది భిక్షువులకు అక్కడ అన్నం పెట్టేవారు, ఎంత పెట్టినా బియ్యం తరిగేవి కావు. ఇప్పుడు పాడుబడి ఉంది, ఒక్క భిక్షువూ లేడు. ఈ దక్షిణ దారిలోనే వెన్నెల రాత్రి ఇంటి మీద బెంగతో ఒక పద్యం కూడా రాసుకున్నాడు, మా ఊరికి కబురు తీసుకెళ్లేవాళ్లు ఎవరున్నారని. చదివిన ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి.

మన ఆచార్య నాగార్జునుణ్ని కొరియాలో యోంగ్సు అంటారు. ఆయన మాధ్యమిక శాస్త్రం కొరియాలోని హేఇన్సా ఆలయంలో దాచిన 81 వేలకు పైగా చెక్క అచ్చు పలకల్లో ఉంది, 13వ శతాబ్దంలో చెక్కినవి. అంటే మన ఆలోచన అక్కడికి చేరిందనడానికి చెక్క మీద సాక్ష్యం ఉంది, రాకుమారిని ఓడ ఎక్కించాల్సిన అవసరమే లేదు.

అయితే ఒక్క జాగ్రత్త. హ్యేచో ఆ కొండ పేరు రాయలేదు. విన్నదా, చూసిందా అన్నది కూడా విడదీసి చెప్పలేదు. కాబట్టి అది మన నాగార్జునకొండేనని హాస్టల్లో పందెం కాయకండి. అవునని కొందరు, వేరే చోటని కొందరు పండితులు వాదిస్తున్నారు. మీ స్నేహితులకు క్రీ.శ. 48 పక్కన 13వ శతాబ్దమనీ, 727 పక్కన 727 అనీ రాసి చూపించండి. ఏది ఎంత నమ్మాలో ఆ రెండు గీతలే తేల్చేస్తాయి.